నందిదుర్గము, యార్కుటౌను: ఒక సేనాని – రెండు చరిత్రలు

అమెరికా స్వాతంత్ర్య చరిత్రమును చదివినవారికి కార్న్‌వాలిసు ప్రభువు ఓడిపోయిన సేనాపతి. మైసూరు చరిత్రమును చదివినవారికి అతడే గెలిచిన సేనాపతి. 1781వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన వర్జీనియాలోని యార్కుటౌనునందు అతని సైన్యము జార్జి వాషింగ్టనునకు లొంగిపోయినది. సరిగా పది సంవత్సరములకు, 1791 అక్టోబరు 19వ తేదీన, చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న నందిదుర్గము అతని సైన్యమునకు చిక్కినది. ఒకే మనుష్యుడు, ఒకే తేదీ. రెండు ఖండములు, రెండు ఫలితములు.

ఇది కాకతాళీయము. తేదీలు కలిసినంతమాత్రమున చరిత్రకు అర్థము పుట్టదు. కాని ఈ రెండు ఘట్టములను గూర్చిన రచనలను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, వానిని వ్రాసిన తీరులోని భేదము కొట్టవచ్చినట్లు కనబడును. యార్కుటౌను కథను ఆ దేశమువారే చెప్పుకొనిరి. తప్పులున్నచో తామే దిద్దుకొనుచు వచ్చిరి. నందిదుర్గము కథను బయటివారు చెప్పిరి; మనము దానిని అట్లే అప్పగించుకొంటిమి. ఈ భేదమునకు కారణమేమి, దానివలన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగువారికి వాటిల్లిన నష్టమేమి యను విషయమును విమర్శించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రెండు ముట్టడులు

మొదట సంగతులు. చార్లెసు కార్న్‌వాలిసు 1738 డిసెంబరు 31న లండనులో జన్మించెను. 1776లో అమెరికా యుద్ధరంగమున ప్రవేశించి, 1780 ఆగస్టు 16న కామ్డెనువద్ద అమెరికా సేనాని గేట్సును చిత్తుగా ఓడించెను. 1781 మార్చి 15న గిల్‌ఫర్డు కోర్టుహౌసువద్ద గ్రీనుతో జరిపిన పోరునందును గెలుపు అతనిదే; కాని ఆ గెలుపులో పోయిన సైనికుల సంఖ్య ఓటమిని తలపించినది. పిదప సముద్రతీరమునకు చేరి యార్కుటౌనున కోట కట్టుకొని కూర్చుండెను. సముద్రము తనకు రక్ష యని అతని నమ్మకము. సెప్టెంబరు 5న ఫ్రెంచి నౌకాధిపతి డి గ్రాసు చెసపీకు అఖాతము ముఖద్వారమున ఆంగ్లనౌకలను త్రిప్పికొట్టుటతో ఆ రక్ష పోయినది. నేలవైపున వాషింగ్టను, ఫ్రెంచి సేనాని రోషాంబో చుట్టుముట్టిరి. అక్టోబరు 14 రాత్రి రెండు మట్టిబురుజులను ఎక్కి పట్టుకొనిరి. అందొక బురుజును పట్టిన దళమునకు నాయకుడు అలెగ్జాండరు హామిల్టను. తరువాతి కాలమున అమెరికా ప్రభుత్వమునకు తొలి కోశాధికారి యైనవాడు ఇతడే. ముట్టడి సుమారు మూడు వారములు సాగెను. ఏడువేలకు పైగా సైనికులు ఆయుధములు దింపిరి.

ఇంగ్లండు ప్రభుత్వము ఈ పరాజయమునకు కార్న్‌వాలిసును దండింపలేదు. 1786లో అతనిని గవర్నరు జనరలుగను, సేనాధిపతిగను హిందూదేశమునకు పంపెను. మూడవ మైసూరు యుద్ధమున 1791 మార్చిలో బెంగుళూరు కోటను పట్టి, మే నెలలో శ్రీరంగపట్టణమువరకు పోయెను. అరికెరవద్ద గెలిచియు, మేత లేక ఎడ్లు చచ్చి, ధాన్యము లేక సైన్యము మాడి, పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టి వెనుదిరుగవలసి వచ్చెను. బెంగుళూరునకు మరలిన పిదప అతడు చేసిన పని తొందరపడి మరల దండెత్తుట కాదు. దారులను కాచు కొండకోటలను ఒక్కొక్కటిగ లోబరచుకొనుట. బంజారాల ఎడ్లబిడారులు ధాన్యముతో నిరాటంకముగ రావలెనన్నను, గుర్రంకొండను ముట్టడించుచున్న నిజాము సైన్యముతో రాకపోకలు జరుగవలెనన్నను నందిదుర్గము శత్రువుచేత నుండరాదు.

ఆ పనికి మేజరు గౌడీ యను అధికారిని పంపిరి. అతడు మొదట చింతామణి ప్రాంతపు రహమాన్‌గఢమును పట్టి, తరువాత నందికొండ క్రింద దిగెను. 4,851 అడుగుల ఎత్తుగల ఆ కొండకు పడమటి వైపొక్కటియే కొంత ఎక్క వీలైన పార్శ్వము. ఆ ఏటవాలున ఫిరంగులను పైకి లాగుటకే దినములు పట్టినవి. ఇక్కడను ముట్టడి సుమారు మూడు వారములు. తుదకు 18వ తేదీ రాత్రి గడచి 19వ తేదీ వచ్చుచుండగా గోడల గండ్లగుండ సైనికులు ఎక్కిరి. కోటలోనివారు దొర్లించిన బండరాళ్ళు తుపాకులకన్న ఎక్కువ భయంకరముగ నుండెను. ఆ దాడికి నాయకత్వము వహింతునని తానై ముందునకు వచ్చినవాడు జనరలు విలియం మెడోసు. ఇతడును అమెరికా యుద్ధమున ఆరితేరినవాడే. 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైనువద్ద గాయపడెను. ఆ యుద్ధముననే కార్న్‌వాలిసు వాషింగ్టను సేనను ప్రక్కనుండి చుట్టివచ్చిన దళమును నడపెను. ఇట్లు అమెరికాలో ఒకే రణరంగమున నిలిచిన యిరువురు, పదునాలుగేండ్ల పిదప మన కొండక్రింద మరల కలిసికొనిరి.

యార్కుటౌనున దారులు తెగుటవలన ఓడినవాడు మైసూరున దారులను కాచుకొని గెలిచెను. ఓటమి నేర్పిన పాఠమే ఇక్కడ ఫలించినదని నిశ్చయించి చెప్పుటకు అతని మనస్సును మనము చూడలేదు. కాని రెండు యుద్ధములను కలిపి చదివిననే తప్ప ఈ పోలిక తట్టదు. అమెరికా పాఠ్యగ్రంథములు యార్కుటౌనుతో కార్న్‌వాలిసును విడిచిపెట్టును. మన పాఠ్యగ్రంథములు అతనిని 1786తో ప్రారంభించును. సముద్రము నడుమనుండుటచే ఒక జీవితము రెండు ముక్కలైనది.

వ్రాసినవారెవరు?

ఇక నందిదుర్గపు కథను మనకు అందించిన గ్రంథములను చూతము. సైన్యమున అధికారిగ నుండిన మేజరు అలెగ్జాండరు డైరము 1793లో ఈ దండయాత్ర వృత్తాంతమును లండనున ప్రకటించెను. దినములు, దళములు, ఫిరంగుల సంఖ్యలు ఇతని రచనలో నిష్కర్షగ నుండును. అది దాని గుణము. దేశమును కేవలము దారిగను, కొండగను, నీటివసతిగను చూచుట దాని దోషము. ఆ దారివెంట ఊళ్ళుండెనని తెలియును. ఊళ్ళలో మనుష్యు లుండిరని తెలియదు.

కర్నలు మార్కు విల్క్సు 1810 మొదలు 1817 వరకు మూడు సంపుటములుగ ప్రకటించిన దక్షిణ హిందూదేశ చరిత్రము ఇంతకన్న చాల పెద్ద ప్రయత్నము. మైసూరున రెసిడెంటుగ నుండిన కాలమున అతడు స్థానిక పత్రములను సేకరించెను, వృద్ధులను ప్రశ్నించెను. ఈ శ్రద్ధకు మనము కృతజ్ఞులమై యుండవలెను. ఐనను యుద్ధఘట్టములకు వచ్చునప్పటికి అతని కలము సైన్యాధికారి కలమే యగును. కొండకోటల పతనము అతనికి శౌర్యకథ. ఆ కోటల క్రింది పల్లెలకు అది ఏమి యను ప్రశ్న అతనికి తోచలేదు.

లూయీ రైసు 1877లో ప్రకటించిన మైసూరు గెజిటీరు మూడవ మెట్టు. శాసనపరిశోధనలో రైసు చేసిన సేవ సాటిలేనిది. కాని గెజిటీరు పద్ధతియే వేరు. ఊరి పేరు, జనసంఖ్య, పంటలు, ఆపై నాలుగు వాక్యములలో చరిత్ర. ఆ నాలుగు వాక్యములును ఎవరు కట్టిరి, ఎవరు పట్టిరి యనుటతో ముగియును. చిక్కబళ్ళాపురమన్నచో ఆవతి గౌడులు స్థాపించిరి, 1762 ప్రాంతమున హైదరు చిక్కప్పగౌడునినుండి పుచ్చుకొనెను. చింతామణి యన్నచో మరాఠా నాయకుడైన చింతామణిరావు పేరు. బాగేపల్లి ప్రాంతమన్నచో గుమ్మనాయకనిపాళ్యపు పాళెగాండ్రు. ఇవి అసత్యములు కావు. కాని ఒక సీమ చరిత్ర యావత్తును చేతులు మారిన ఆస్తి దస్తావేజువలె చదివించుట ఈ పద్ధతివలన వచ్చిన చెరుపు. నేటి యాత్రాదర్శినులు పెక్కు ఈ గెజిటీరు వాక్యములనే తిరుగవ్రాయుచున్నవి.

ఎదుటి పక్షపు రచనలను చూచిన ఊరట దొరకునా యన్నచో అదియు లేదు. హైదరు, టిప్పుల చరిత్రమును పారసీకమున వ్రాసిన కిర్మానీ వారి పక్షము వహించి వ్రాసినవాడే. కాని అతని చూపు దర్బారు చూపు. పాళెగాండ్రు అతనికి అణచదగిన అవిధేయులు. రైతులు లెక్కలోనివారే కారు. కంపెనీ దొరకును, సుల్తాను చరిత్రకారునకును ఎన్ని విషయములందు వైరమున్నను, నందికొండ క్రిందివారి మాట వినకుండుటలో మాత్రము ఏకాభిప్రాయము కలదు.

రెండు చిత్రములు

వ్రాతలనుండి చిత్రములకు వచ్చినచో ఈ విషయము ఇంకను తేటపడును. వాషింగ్టను నగరమున అమెరికా శాసనసభాభవనపు గోళమందిరమున జాన్ ట్రంబులు చిత్రించిన పెద్ద తైలవర్ణచిత్రమొకటి 1826లో నిలిపిరి. దాని పేరు కార్న్‌వాలిసు ప్రభువు లొంగుబాటు. చిత్రమంతయు వెదకినను కార్న్‌వాలిసు కనబడడు. అనారోగ్యమని చెప్పి అతడు ఆనాడు బయటకు రాక, తనకు మారుగా జనరలు ఓహారాను పంపెను. వాషింగ్టను ఆ ఖడ్గమును తాను స్వీకరింపక, తన క్రింది అధికారియైన బెంజమిను లింకనును చూపెను. చిత్రమధ్యమున తెల్లగుఱ్ఱముపై నున్నవాడు ఆ లింకనే. పేరులో నున్న నాయకుడు బొమ్మలో లేకుండుట చిత్రకారుని లోపము కాదు, సత్యనిష్ఠ.

1792 మార్చిలో జరిగిన శ్రీరంగపట్టణపు సంధికి ముందు టిప్పు కుమారు లిరువురను తాకట్టుగ అప్పగించిన ఘట్టమును పెక్కుమంది చిత్రించిరి. సైన్యము వెంటనుండి చూచిన రాబర్టు హోము చిత్రించెను. లండనున నివసించుచుండిన మేథరు బ్రౌనును చిత్రించెను. ఇతడు అమెరికాలోని బోస్టను నగరమున 1761లో పుట్టినవాడగుట గమనింపదగినది. ఈ చిత్రములందు కార్న్‌వాలిసు నడుమ నిలిచి, చిన్న పిల్లలను తండ్రివలె ఆదరించుచున్నట్లుండును. అర్ధరాజ్యమును, మూడుకోట్ల ముప్పది లక్షల రూపాయలను పుచ్చుకొన్న సంధి, చూచువారికి వాత్సల్యఘట్టముగ తోచును. యార్కుటౌనున ముఖము చూపనివాడు ఇక్కడ చిత్రమంతయు నిండినాడు. ఇంగ్లండునందు ఈ చిత్రముల అచ్చుప్రతులు విరివిగా అమ్ముడుపోవుటకు కారణము ఇదియే: పదేండ్లనాటి అవమానమునకు అవి మందు. మైసూరు ఇందు విషయము కాదు. ఇంగ్లండు తన్ను తాను ఓదార్చుకొనుటకు దొరికిన రంగస్థలము.

ఒక ఆక్షేపణ

గెలిచినవారు చరిత్ర వ్రాయుట లోకసహజము గదా, అమెరికాలోను గెలిచినవారే వ్రాసిరి గదా యని ఆక్షేపింపవచ్చును. ఇది విలువగల ఆక్షేపణము. నిజమునకు యార్కుటౌను కథయును తొలుత ఏకపక్షమే. ఫ్రెంచి నౌకలు లేనిదే ఆ విజయము లేదను మాట ఉత్సవోపన్యాసములలో మెల్లగ తగ్గిపోయినది. ఆంగ్లేయుల పంచ చేరిన స్వేచ్ఛ లభించునని తోటలు విడిచి వచ్చిన నీగ్రో దాసులను, ముట్టడి కాలమున తిండి చాలనప్పుడు, మశూచితో పడియుండగనే కార్న్‌వాలిసు సైన్యము వెడలగొట్టినది. స్వాతంత్ర్యము పేర పోరాడిన పక్షము వారిని మరల యజమానుల కప్పగించినది. ఈ కథ ఏ స్తంభముమీదను చెక్కబడలేదు.

ఐనను తరువాతి తరములవారు దీనిని వెలికి తీయగలిగిరి. ఎట్లు? కాగితము మిగిలినందున. జోసెఫు ప్లంబు మార్టిను అను సామాన్య సైనికుడు తాను చూచినదానిని 1830లో పుస్తకముగ వ్రాసెను. జేమ్సు అను దాసుడు వేగులవాడుగ శత్రుశిబిరమున సంచరించి వార్తలు తెచ్చెనని లఫాయెతు 1784లో ఒక ధ్రువపత్రము వ్రాసియిచ్చెను. ఆ పత్రమే ఆధారముగ వర్జీనియా శాసనసభ 1787లో అతనికి విముక్తి నొసగెను. అతడు లఫాయెతు పేరును తన పేరున చేర్చుకొనెను. ఒక్క కాగితము భద్రముగ నుండుటచే ఒక మనుష్యుడు చరిత్రలో నిలిచెను. యార్కుటౌనున విజయస్తంభము కట్టవలెనని అమెరికా కాంగ్రెసు 1781 అక్టోబరు 29ననే తీర్మానించెను. పునాది పడినది 1881లో, పని ముగిసినది 1884లో. రాయి నిలుపుటకు నూరేండ్లు ఆలస్యమైనను నష్టము రాలేదు. కాగితము నిలుపుటలో ఆలస్యమైయుండినచో తిరిగి పొందుటకు దారి లేకుండెడిది.

కావున రెండు చరిత్రలకును గల నిజమైన భేదము గెలుపోటములలో లేదు. సామాన్యుని మాటను దాచుకొనుటలోను, దాచినదానిని మరల తెరచి చదువుటలోను ఉన్నది.

మన కాగితము లెక్కడ?

మనకు అట్టి ఆధారములు లేవని నిరాశపడ నక్కరలేదు. మూడు చోట్ల వెదకవచ్చును.

మొదటిది కైఫియతులు. ఈ మూడవ మైసూరు యుద్ధముననే ఇంజనీరుగ పనిచేసిన కాలిను మెకంజీ, టిప్పు మరణానంతరము మైసూరు సీమను సర్వే చేయుటకు నియుక్తుడయ్యెను. అతని ప్రక్కన పనిచేసినవారు కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను తెలుగు సోదరులు. ఊరూర గ్రామకరణములను, ఆలయార్చకులను, పాత పాళెగాండ్ర వంశీయులను కలిసికొని, వారు చెప్పిన వృత్తాంతములను వ్రాయించి తెప్పించుట వారి పని. 1803లో బొఱ్ఱయ్య చిన్నవయసుననే మరణించినను తమ్ముడు ఆ పని సాగించెను. సైన్యాధికారి ఒకడు తలపెట్టినదైనను, మాట ఊరివారిది, కలము తెలుగువానిది. ఆ సంపుటములు చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున ఉన్నవి. కడప సీమకు చెందిన కైఫియతులను కడపలోని సి.పి. బ్రౌను పరిశోధన కేంద్రమువారు సంపుటములుగ అచ్చొత్తించిరి. ఆ శ్రద్ధనే నందికొండకు ఈవలి తాలూకాలపట్లను చూపవలసి యున్నది.

రెండవది పొరుగుసీమ వచనము. అనంతపురపు ప్రభువుల కలహములను గూర్చి, సుమారు 1750–1810 సంవత్సరముల నడుమ తెలుగున వ్రాయబడిన వృత్తాంతమును బ్రౌను దొర ఆంగ్లానువాదముతో 1853లో మద్రాసున ప్రకటించెను. మరాఠాలు, నిజాము, హైదరు, కంపెనీ అను నాలుగు సుడిగుండముల నడుమ చిన్న పాళెగాండ్రు ఎట్లు ఈదిరో క్రిందినుండి చూచి వ్రాసిన రచన యిది. భాష కాగితపు కచేరీ భాష, అలంకారము లేదు. చిక్కబళ్ళాపురము, గుమ్మనాయకనిపాళ్యముల పాళెగాండ్ర స్థితిగతులను ఊహించుటకు విల్క్సుకన్న ఈ వచనమే మంచి దీపము.

మూడవది భక్తివాఙ్మయము. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారేయణ యతీంద్రులు, ప్రజలు ప్రేమతో తాతయ్య యని పిలుచుకొనువారు, సంప్రదాయమునుబట్టి 1726లో పుట్టి 1836లో సమాధి చెందిరి. గాజుల మలారము మోసి బ్రతికిన కుటుంబమువారు. తెలుగునను కన్నడమునను కీర్తనలు, పద్యములు చెప్పిరి. రహమాన్‌గఢము, నందిదుర్గము కూలిన ఏట వారు ఆ కొండల నడుమనే యుండిరి. వారి పద్యములలో ఫిరంగుల లెక్క వెదకుట అవివేకము. కాని చరిత్రకారునకు వానివలన ఒక దృఢమైన సాక్ష్యము దొరకును: దండులు నడచిన ఆ దశాబ్దములలో చింతామణి సీమ ప్రజలు ధర్మమును, వైరాగ్యమును, ఓదార్పును ఏ భాషలో వినుచుండిరో ఆ రచనలే చెప్పుచున్నవి. డైరము మ్యాపులలో పేరు మాత్రమే యున్న పల్లెలకు ఇక్కడ గొంతు వినబడును. వాఙ్మయ విమర్శకుడు తాతయ్యను యోగిగ మాత్రమే చూచి, చరిత్రకారుడు అతనిని అసలే చూడకుండుట మన రెండు శాస్త్రములకును లోపము.

వీనికి తోడు సిపాయిల సంగతి యొకటి కలదు. ఉత్తర హిందూస్థానమున కంపెనీ సిపాయిలను తిలంగాలని పిలుచు వాడుక చాలకాలము నిలిచినది. తొలినాళ్ళ సిపాయిలు తెలుగు సీమనుండి పోయినవారగుటయే దీనికి కారణమని చెప్పుదురు. నందికొండ యెక్కిన మద్రాసు సైన్యములోను, ఎక్కనీయక నిలిచిన దుర్గములోను తెలుగు మాటాడిన నోళ్ళు లేకుండెనని తలచుటకు వీలులేదు. మెడోసు పేరు నిలిచినది. వారి పేరులు నిలువలేదు.

గీసిన గీత

ఈ నిర్లక్ష్యమువలన కలిగిన నష్టము కేవలము పండితులది కాదు. 1792, 1799 సంధులు తెలుగు మాటాడు ఒకే నేలను రెండు ఏలుబడుల క్రింద నుంచినవి. గుత్తి, గుర్రంకొండ మొదలగు సీమలు నిజామునకు పోయి, 1800లో అతనివలన కంపెనీకి చేరి, దత్తమండలములను పేర మన్రో చేతికి వచ్చినవి. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి మైసూరు రాజ్యమున నిలిచినవి. మద్రాసు రాజధానికిని మైసూరునకును నడిమి ఆ గీతయే, 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడును 1956లో రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినప్పుడును, ఇక్కడ రాష్ట్రసరిహద్దుగ నిలిచినది. పెన్న, చిత్రావతి, పాపఘ్ని నందిపర్వతముల ప్రాంతమున పుట్టి ఆ గీతను దాటి కడప, అనంతపుర సీమలకు పారుచున్నవి. మాటయును అట్లే దాటుచున్నది. చరిత్ర మాత్రము దాటలేదు. ఆంధ్రమున చరిత్ర వ్రాసినవారు ఇది కర్ణాటకమని విడిచిరి. కర్ణాటకమున వ్రాసినవారు తెలుగు ఆధారములను చదువవలసిన అవసరము తమకు లేదనుకొనిరి. 2007 ఆగస్టు 23న కోలారునుండి విడివడి చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యైనది. క్రొత్త జిల్లా తన చరిత్ర తాను వ్రాసికొనునప్పుడు ఈ తెలుగు పుటలు అందు చేరవలెనా వద్దా యనునది నేటి ప్రశ్న.

ఇది కన్నడముతో తగవు కాదు. తాతయ్య రెండు భాషలను రెండు కన్నులుగ వాడుకొనిరి. ఇంట తెలుగు మాటాడి బడిలో కన్నడము చదువు ఈ సీమ బాలునకు రెండు భాషల ఆధారములను చదువగల శక్తి సహజముగనే కలదు. ఆ శక్తి మరియెచ్చటి పరిశోధకునకును సులభముగ రాదు. కాని తెలుగు లిపి నేర్వనిచో ఆ బాలునకు తన ముత్తాత చెప్పి వ్రాయించిన కైఫియతే పరభాషాపత్రమగును.

ఉత్సాహమునకు హద్దు

సేకరణతోపాటు పరీక్షయు కావలెను. దూరదేశ చరిత్రతో సంబంధము దొరకినదనగానే ఉప్పొంగుట మనకు అలవాటు. పెన్సిల్వేనియావారు తమ యుద్ధనౌకకు హైదరలీ యను పేరు పెట్టిరి. 1782 ఏప్రిలు 8న కప్తాను జాషువా బార్నీ దానిపై నుండి జనరలు మంకు అను ఆంగ్లనౌకను పట్టెను. పట్టుబడిన ఆ నౌకకు పిమ్మట జనరలు వాషింగ్టను అని పేరిడిరి. కోలారు సీమలోని బూదికోటలో పుట్టినవాని పేరు డెలావేరు అఖాతమున మ్రోగుట ఆశ్చర్యమే. ఇది పత్రములచే స్థిరమైన సంబంధము. దీనివలన తెలియునది అమెరికా ప్రజలకు హైదరు శత్రువునకు శత్రువుగ ఎఱుక యనునంతే. వారికి మన సీమ తెలియునని కాదు. అట్లే 1814 సెప్టెంబరులో బాల్టిమోరులోని మెక్‌హెన్రీ కోటపై ఆంగ్లేయులు వేసిన అగ్నిబాణములు కాంగ్రీవు నిర్మించినవి. కాంగ్రీవునకు స్ఫూర్తి మైసూరు బాణములు. ఆ రాత్రిని చూచి ఫ్రాన్సిసు స్కాటు కీ వ్రాసిన గేయమే 1931లో అమెరికా జాతీయగీతమైనది. గొలుసు నిజమే, కాని ప్రతి కొక్కెమును పరీక్షించి చెప్పవలెను. ఒక్కసారి ఎగిరి మైసూరునుండి ఆ గేయమునకు దూకరాదు.

స్థలవిషయమునను ఇంతే. నందికొండపై టిప్పు పేరిట చూపబడు కొండకొమ్మునుండి ఖైదీలను త్రోయించెనని చెప్పు కథ ఆ స్థలమునకు వచ్చువారందరి చెవిని పడుచున్నది. భయము గొలుపు కథ త్వరగా వ్యాపించును. దానిని చెప్పువాడు, ఆ కొండక్రిందనే తొమ్మిదవ శతాబ్దినుండి నిలిచియున్న భోగనందీశ్వరాలయమును గూర్చి ఒక్క మాటతో సరిపుచ్చును. కొండపైన కబ్బను దొర వేసవి విడిది కలదు. 1927లోను 1936లోను గాంధిమహాత్ముడు ఆరోగ్యము కొరకు బసచేసిన భవనము కలదు. 1986లో దక్షిణాసియా దేశాధినేతలు అక్కడ సమావేశమైరి. అధికారుల రాకపోకలతో కొండ చరిత్ర నిండిపోయినది. ఫలకములపై నున్న పేరు లన్నియు వచ్చిపోయినవారివి. అక్కడనే యుండినవారివి కావు.

ముగింపు

కార్న్‌వాలిసు 1805 అక్టోబరు 5న ఘాజీపురమున మరణించెను. అతని సమాధి గంగ యొడ్డున చెక్కుచెదరక యున్నది. అతనికి మన సేవ అవసరము లేదు. అవసరమున్నది కైవారపు తాళపత్రములకు, గుమ్మనాయకనిపాళ్యపు వృద్ధుల నోటి పాటలకు, చెన్నపురి బీరువాలలో నిద్రించు కైఫియతులకు.

తెలుగు సంఘములు ఇందుకు చేయదగిన పనులు కలవు. అవి వేల రూపాయల విగ్రహములు కావు. మూడు తాలూకాలకు చెందిన కైఫియతులను గుర్తించి, తెలుగు లిపిలోను కన్నడ లిపిలోను ఎదురెదురు పుటలుగ అచ్చొత్తింపవచ్చును. ఊరి పెద్దల పాటలను వారు జీవించియుండగనే ధ్వనిముద్రణము చేయింపవచ్చును. ఇండ్లలోనున్న దస్తావేజులను యజమానులయొద్దనే యుంచి ఛాయాచిత్రములు తీయింపవచ్చును. సెలవుదినములలో ఈ సీమ పిల్లలకు తెలుగు లిపి నేర్పవచ్చును. యార్కుటౌనువారు రాతిస్తంభమునకు నూరేండ్లు ఆగిరి. వారి కాగితములు ఆగలేదు. మన కాగితములును ఆగవు. చెదలునకు తీరిక యెక్కువ. నందికొండ కథను రెండవమారు చెప్పవలసిన వంతు ఆ కొండనీడన పెరిగినవారిది. వారి చేతిలో కలము ఉండగనే ఆ పని ప్రారంభమగునని ఆశింతము.